ఆరు ఘాటైన అమెరికన్ విస్కీలు, ఒకే 50 శాతం: ప్రాజెక్టు డైరీ

మొదటి వారం, శనివారం

తేల్చాల్సిన ప్రశ్న ఒక్కటే. సీసా మీద 133 ప్రూఫ్ అని ఉంటే అది 110 ప్రూఫ్ సీసా కన్నా తప్పకుండా ఎక్కువ మండుతుందా, లేక ఆ మంటకు వేరే మూలం ఉందా? బ్యారెల్ ప్రూఫ్ విస్కీల (పీపాలో ఉన్న బలంతోనే, నీళ్లు కలపకుండా సీసాకెత్తేవి, క్యాస్క్ స్ట్రెంత్ అన్నా అదే) దగ్గరికి వచ్చేసరికి చాలామంది నాలుక కన్నా ముందు అంకెను నమ్ముతారు. అందుకని ఒక్కో విస్కీని రెండుసార్లు చూస్తాం: సీసాలో ఉన్న బలంతో ఒకసారి, 50 శాతానికి దించి ఇంకోసారి. రెండుసార్లూ గ్లాసులో ఏముందో రుచి చూసేవాళ్లకు తెలియదు.

ముందు ప్రూఫ్ లెక్క. అమెరికాలో ప్రూఫ్ అంటే ఆల్కహాల్ శాతానికి రెట్టింపు. 133 ప్రూఫ్ అంటే 66.5 శాతం. ఇండియా సీసాల మీద కనిపించే 75 డిగ్రీలు పాత బ్రిటిష్ కొలత. అందులో 100 అంటే దాదాపు 57.1 శాతం, 75 అంటే మనందరికీ అలవాటైన 42.8 శాతం. "అక్కడ 75, ఇక్కడ 80, కాబట్టి ఇదే గట్టిది" అని డాలస్ వచ్చిన చుట్టాలు అంటుంటారు. లెక్క తిరగబడింది: అమెరికన్ 80 ప్రూఫ్ 40 శాతమే, మన 75 కన్నా పలచన.

వరసలో ఆరు సీసాలు. మేకర్స్ మార్క్ క్యాస్క్ స్ట్రెంత్, మా సీసా 55 శాతం. ఓల్డ్ గ్రాండ్ డాడ్ 114, అంటే 57. వైల్డ్ టర్కీ రేర్ బ్రీడ్, 58.4. బుకర్స్, మా బ్యాచ్ 63.3. జాక్ డేనియల్స్ సింగిల్ బ్యారెల్ బ్యారెల్ ప్రూఫ్, మా పీపా 65.5. ఎలైజా క్రెయిగ్ బ్యారెల్ ప్రూఫ్ సి923, 66.5. కొలబద్దగా పక్కన వైల్డ్ టర్కీ 101 పెట్టుకున్నాం, 50.5 శాతం.

వీటిలో ఓల్డ్ గ్రాండ్ డాడ్ బ్యారెల్ ప్రూఫ్ కాదు. ఏ బ్యాచ్ అయినా నీళ్లు కలిపి 57కే తెస్తారు. దాని ధాన్యంలో రై (గోధుమ జాతి ధాన్యం) 27 శాతం ఉంటుంది. రై బాగా ఉన్న సీసా ఒకటి లేకపోతే పోలిక చప్పబడుతుందని చేర్చాం. మేకర్స్ మార్క్‌లో అసలు రై లేదు, దాని స్థానంలో 16 శాతం గోధుమ. సి923 అన్న కోడు చదవడం తేలికే: సి అంటే ఆ ఏడాది మూడో విడుదల, 9 అంటే సెప్టెంబరు, 23 అంటే 2023. వయసు 13 ఏళ్ల 7 నెలలు. ఆ వరసలో 2022 దాకా వచ్చినవన్నీ 12 ఏళ్లవి.

ఆదివారం

సామాను తెచ్చాం. మూతి దగ్గర సన్నబడే గ్లెన్‌కెయిర్న్ గ్లాసులు 24, మనిషికి ఆరు చొప్పున. 10 మి.లీ. గాజు పిపెట్ ఒకటి, 50 మి.లీ. కొలత సిలిండరు ఒకటి. 0.1 గ్రాము దాకా చూపే తూకం. గాలన్ డిస్టిల్డ్ వాటర్. 60 మి.లీ. గోధుమరంగు గాజు సీసాలు డజను. ఉమ్మడానికి మూత ఉన్న స్టీలు చెంబులు.

ఆ చిన్న సీసాలకు మూతలే ముఖ్యం. మూత లోపల శంకువు ఆకారంలో ప్లాస్టిక్ ఉన్నవి తీసుకోవాలి. అట్టముక్క, రేకు అంటించిన మూతల్ని ఈ బలం ఉన్న ఆల్కహాల్ కొన్ని వారాల్లో వదులు చేస్తుంది. మట్టం తగ్గుతుంది, అట్ట వాసన విస్కీలోకి దిగుతుంది. మందుల షాపు సిరంజీ నీళ్లు కొలవడానికి బాగుంటుంది. విస్కీకి మాత్రం వద్దు: లోపలి రబ్బరు ముక్కకు రాసిన నూనె 65 శాతం ఆల్కహాల్‌కు ఊడొస్తుంది.

గ్లాసులు వాసన లేని సబ్బుతో కడిగి, డిస్టిల్డ్ వాటర్‌తో తొలిచి, బోర్లించకుండా ఆరబెట్టాలి. బోర్లిస్తే గుడ్డ వాసన, చెక్క అల్మరా వాసన గ్లాసులోనే ఉండిపోతాయి. పూజగది పక్క గదిలో కూర్చోవద్దు. అగరుబత్తి ఆర్పి రెండు గంటలైనా గంధం వాసన అలాగే ఉంది. పైగా 60 శాతం దాటిన విస్కీ ఆవిరి మామూలు గది వేడికే అంటుకోగలదు కాబట్టి దీపమూ బత్తీ ఆ దగ్గరలో ఉండకూడదు.

పోత 10 మి.లీ. 65 శాతం దగ్గర అందులో 5 గ్రాముల పైచిలుకు ఆల్కహాల్ ఉంటుంది. అమెరికాలో ఒక డ్రింకు అంటే 14 గ్రాములు. నాలుగు గ్లాసులు మింగితే ఒకటిన్నర డ్రింకులు, అదీ అరగంటలో. మూడో గ్లాసు నుంచి రాసిన మాటలకు విలువ ఉండదు. ఉమ్మేయడమే నియమం. ఆ రోజు ఎవరూ కారు తీయరు.

రెండో వారం, బుధవారం

నీళ్ల లెక్క. అందరూ వాడే సూత్రం: విస్కీ పరిమాణాన్ని ఉన్న శాతంతో గుణించి, కావాల్సిన శాతంతో భాగించి, మొదటి పరిమాణం తీసేయాలి. 30 మి.లీ. సి923కి ఇలా చేస్తే 9.9 మి.లీ. నీళ్లు వస్తాయి. అన్నే పోస్తే బలం 50 కాదు, 50.5 దగ్గర ఆగుతుంది. ఆల్కహాల్, నీళ్లు కలిస్తే ముడుచుకుంటాయి: 50 మి.లీ. ఒకటి, 50 మి.లీ. ఇంకొకటి కలిపితే 100 రావు, 96 పైన కొద్దిగా వస్తాయి. సాంద్రతల పట్టిక పెట్టుకుని మళ్లీ లెక్కిస్తే 30 మి.లీ.కి పోయాల్సిన నీళ్లు ఇవి: మేకర్స్‌కు 3.1, ఓల్డ్ గ్రాండ్ డాడ్‌కు 4.3, రేర్ బ్రీడ్‌కు 5.2, బుకర్స్‌కు 8.3, జాక్ డేనియల్స్‌కు 9.7, సి923కి 10.3 మి.లీ.

నీళ్లను పరిమాణంతో కాక తూకం మీద కొలిచాం. 10.3 మి.లీ. అంటే 10.3 గ్రాములే అనుకోవచ్చు, ఈ పనికి ఆ తేడా లెక్కలోకి రాదు. పోసిన వెంటనే బుడగలతో కాస్త మసకబారింది. కరిగి ఉన్న గాలి బయటికి వస్తోందంతే, కొన్ని నిమిషాల్లో తేటపడింది. కలిసేటప్పుడు ద్రవం కొద్దిగా వేడెక్కుతుంది కూడా. ఆ వేడిలో ఆల్కహాల్ ముక్కు మీదికి ముందు వస్తుంది కాబట్టి అప్పుడే కలిపి అప్పుడే రుచి చూస్తే నీళ్లు కలిపినదే ఎక్కువ ఘాటు అనిపిస్తుంది. మూత బిగించి ఒక రాత్రి ఉంచాం.

కుళాయి నీళ్లు ఎందుకు పనికిరావో ఒక్క గ్లాసుతో తేలింది. క్లోరిన్ వాసన బర్బన్‌లోని (మొక్కజొన్న ఎక్కువగా ఉండే అమెరికన్ విస్కీ) వెనిలా మీద తడిగుడ్డలా పడుతుంది.

శనివారం: మొదటి కూర్చోవడం, పనికిరాకుండా పోయింది

లెక్కలో లోపం లేదు, ఏర్పాటులో మూడు తప్పులు.

మొదటిది, ఆరు గ్లాసులూ ఒకేసారి పెట్టడం. నాలుగో దాని తర్వాత ముక్కు మొద్దుబారింది. చివరి రెంటికీ అందరూ రాసింది ఒక్కటే మాట: "ఓక్", అంటే పీపా చెక్క. ఇకనుంచి పూటకు నాలుగే.

రెండోది, తక్కువ బలం నుంచి ఎక్కువ బలానికి వరసగా పెట్టడం. ఆనవాయితీ అదే. కానీ వరస తెలిస్తే పేరు దాచి లాభం లేదు, చివరి గ్లాసు గట్టిదని అందరికీ ముందే తెలుసు. పైగా మొదటి గ్లాసు ఎప్పుడూ ఉన్నదానికన్నా ఎక్కువ మండుతుంది, నాలుక అప్పటికి సర్దుకోలేదు. దీనికి విరుగుడు ఇదే: ముందుగా కొలబద్ద 101 ఒక గుక్క, మార్కులు వేయకుండా. ఆ తర్వాత మనిషి మనిషికీ వేరే వరసలో నాలుగు గ్లాసులు. గ్లాసు అడుగున మూడంకెల కోడు, పోసేవాడు వేరు, పంచేవాడు వేరు.

మూడోది మధ్యాహ్నం ఆవకాయ. నవ్వులాటకు రాయడం లేదు. మిరపలోని కారం నాలుక మీద ఏ గ్రాహకాన్ని తడుతుందో ఆల్కహాల్ కూడా దాన్నే తడుతుంది, దాని పేరు టీఆర్‌పీవీ1. మామూలుగా అది 43 డిగ్రీల వేడి దగ్గర మేల్కొంటుంది. ఆల్కహాల్ ఆ గడపను కిందికి దించడంతో ఒంటి వేడే మంటలా అనిపిస్తుంది. అంటే విస్కీ మంట, గుంటూరు మిరప మంట నరానికి ఒకే దారి. మధ్యాహ్నం కారం తిన్న నాలుక సాయంత్రం కొలత పనికి రాదు. ఇప్పుడు నియమం: పెరుగన్నం, ఉప్పు తక్కువ, మూడు గంటల ముందు. మధ్యలో ఉప్పులేని క్రాకర్, గోరువెచ్చని నీళ్లు.

ఇంకో చిన్న విషయం, నీళ్లు పోస్తే రంగు పలచబడుతుంది. ఏది ఎంత దించామో రంగే చెప్పేస్తోంది. గ్లాసుల చుట్టూ రేకు చుట్టాం.

మూడో వారం, గురువారం: మాటల పట్టిక

మార్కుల కాగితంలో "మంట" అని ఒకే గడి పెట్టడం పెద్ద పొరపాటు. నాలుగు వేర్వేరు సంగతుల్ని అందరూ ఆ గడిలోనే కుక్కారు. ఇందులో తెలుగు మనకు బాగా అక్కరకు వచ్చింది. ముక్కులోకి దూసుకెళ్లేది ఘాటు. నాలుక, పెదవులు కాలేది మంట. చిగుళ్లు పట్టేసి నోరు ఎండేది వగరు. మింగాక గొంతు వెనక నిలిచేది చేదు. ఇలా నాలుగు గడులు చేసి, ఒక్కోదానికి 0 నుంచి 5.

వగరును మంట అనుకోవడం ఈ విస్కీల దగ్గర అన్నిటికన్నా తరచుగా జరిగే పొరపాటు. వగరుకు కారణం కొత్త ఓక్ చెక్క నుంచి దిగే టానిన్ అనే పదార్థం. చట్టం ప్రకారం బర్బన్‌ను లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలోనే ఉంచాలి, ధాన్యంలో 51 శాతానికి తగ్గకుండా మొక్కజొన్న ఉండాలి, పీపాలో పోసేటప్పుడు 62.5 శాతం మించకూడదు. కొత్త చెక్కలో 13 ఏళ్లు నానితే పచ్చి అరటికాయ కొరికినట్టుండే పట్టు రాక తప్పదు.

వాసనలకు మన వంటింటి పేర్లే రాసుకున్నాం, పరాయి పండ్ల పేర్లు రాస్తే ఒకరి కాగితం ఇంకొకరికి అర్థం కావడం లేదు. కొబ్బరి: ఓక్ లాక్టోన్, అమెరికన్ తెల్ల ఓక్ ఇచ్చేది. వెనిలా: చెక్కలోని లిగ్నిన్ వేడికి విరిగితే వచ్చేది. అరటిపండు: ఐసోఅమైల్ అసిటేట్, పులియబెట్టేటప్పుడు ఈస్ట్ చేసేది, జాక్ డేనియల్స్‌లో బాగా తెలుస్తుంది. గోళ్ల రంగు వాసన: ఈథైల్ అసిటేట్. వేయించిన వేరుశెనగ: బుకర్స్ దగ్గర నలుగురం ఒకరినొకరు చూడకుండా ఇదే రాశాం. పాకం, తాటిబెల్లం, మాడిన పాకం మూడూ వేరు, కలపొద్దు.

లవంగం దగ్గర జాగ్రత్త. లవంగం తగిలితే "రై ఎక్కువ" అని రాసేయడం అలవాటు. ఆ వాసననిచ్చే యూజినాల్ ఓక్ చెక్క నుంచి కూడా దిగుతుంది. రై 10 శాతమే ఉన్న ఎలైజా క్రెయిగ్‌లో లవంగం బోలెడు.

శనివారం

సీసా బలంతో మొదటి మూడు: రేర్ బ్రీడ్, బుకర్స్, సి923. నాలుగోది మేకర్స్.

ముక్కు పెట్టే పద్ధతి కూడా రాసుకోవాలి. 65 శాతం గ్లాసులో ముక్కు దించి గట్టిగా పీలిస్తే పది నిమిషాలు ఏ వాసనా రాదు. గ్లాసును గడ్డం దగ్గర పట్టి, నోరు కాస్త తెరిచి, నెమ్మదిగా పైకి తేవాలి. పోశాక 10 నిమిషాలు ఆగాలి. విస్కీ వయసులో ఏడాదికి ఒక నిమిషం చొప్పున ఆగాలన్న మాటకు ఆధారం కనబడదు. మరీ ఎక్కువసేపు ఉంచితే గ్లాసులోని 10 మి.లీ. బలమే తగ్గిపోతుంది, అప్పుడు కొలిచేది సీసా విస్కీని కాదు. గది 22 డిగ్రీల సెల్సియస్. టెక్సస్ వేసవిలో ఏసీ ఆపిన గదిలో అవే సీసాలు అన్నీ ఘాటుగానే తోస్తాయి.

మొదటి గుక్క అర మి.లీ.కి మించకూడదు, అది నాలుకను తడపడానికి. రాయాల్సింది రెండో గుక్క నుంచి.

మంట గడిలో బుకర్స్‌కు అందరికన్నా ఎక్కువ పడింది. సి923 అంతకన్నా 3 శాతం పైన ఉన్నా మంట తక్కువ, వగరు ఎక్కువ. రేర్ బ్రీడ్ ఊహించినదానికన్నా నెమ్మది.

నాలుగో వారం: పీపాలోకి వెళ్లేటప్పటి బలం

ఈ వారం రుచి లేదు, చదువుకున్నది రాసి పెడుతున్నాం, ఫలితాలకు ఇది లేకపోతే అర్థం ఉండదు.

సీసా మీది అంకె రెండు సంగతుల కలయిక: పీపాలో ఎంత బలంతో పోశారు, అక్కడ ఎన్నేళ్లు ఏ అంతస్తులో ఉంది. మేకర్స్ మార్క్ 110 ప్రూఫ్‌తో పోస్తుంది, వైల్డ్ టర్కీ 115తో, ఎలైజా క్రెయిగ్ తయారుచేసే హెవెన్ హిల్ 125తో. చట్టం ఒప్పుకునే గరిష్ఠం 125, 1962కి ముందు అది 110 మాత్రమే. కెంటకీ గోదాముల పై అంతస్తులు వేసవిలో వేడిగా, పొడిగా ఉంటాయి. అక్కడ పీపా నుంచి ఆల్కహాల్ కన్నా నీళ్లు వేగంగా ఆవిరైపోయి బలం ఏటేటా పెరుగుతుంది. స్కాట్లాండ్ చల్లని తేమలో దీనికి తిరగబడి జరుగుతుంది. 125తో మొదలైన పీపా 13 ఏళ్లకు 133కి చేరడం ఇలాగే. మేకర్స్ 110తో మొదలై 110 దరిదాపుల్లోనే ఉందంటే అది బలహీనపడిందని కాదు, మొదటినుంచీ నీళ్లు ఎక్కువతో ఉందని. చెక్కలోని చక్కెరలు నీళ్లలో బాగా కరుగుతాయి కాబట్టి తక్కువ బలంతో పోస్తే తీపి వైపు మొగ్గుతుంది.

జాక్ డేనియల్స్ సంగతి వేరు. టెనెసీ రాష్ట్రంలో 2013 చట్టం ప్రకారం టెనెసీ విస్కీ అనిపించుకోవాలంటే పీపాలో పోయడానికి ముందే మేపుల్ చెక్క బొగ్గు గుండా వడగట్టాలి. ధాన్యంలో 80 శాతం మొక్కజొన్న.

అయిదో వారం: 50 శాతం దగ్గర

వరస తారుమారైంది.

సీసా బలంతో అన్నిటికన్నా మండిన బుకర్స్ 50 దగ్గర మధ్యకు వచ్చింది, వేరుశెనగ ఇంకా స్పష్టమైంది. జాక్ డేనియల్స్ మంట దాదాపు మాయం, అరటిపండు పైకి తేలింది, నిజానికి ఇంత దించాకే అది విడిగా తెలిసింది. మంటలో పైకి ఎక్కింది ఓల్డ్ గ్రాండ్ డాడ్. 57 నుంచి 50కి దిగింది 7 శాతమే అయినా అదొక్కటే కారణం కాదు. మిరియం లాంటి చురుకు నీళ్లకు లొంగలేదు. ఆ చురుకు రై ధాన్యానిది, ఆల్కహాల్ మీద ఆధారపడనిది.

సి923 అందరికీ ఆశ్చర్యం. 66.5 దగ్గర తీపి వగరును కప్పి ఉంచింది. 50కి దించగానే తీపి పలచబడి వగరు, చేదు బయటపడ్డాయి. ఇంకో 30 మి.లీ.ను 58 దాకానే దించి చూశాం, 4.6 మి.లీ. నీళ్లతో. ముగ్గురి కాగితాల్లో అదే మెరుగు. బలాన్ని ఓర్చుకోవడం మగతనం కాదు, నీళ్లు పోయడం తప్పూ కాదు, ఒక్కో సీసాకు సరిపోయే చోటు వేరు. మేకర్స్ 50 దగ్గర చప్పబడింది, దాన్ని 55కే వదిలేయడం మంచిది.

నీళ్లు పోస్తే వాసన ఎందుకు తెరుచుకుంటుందన్నదానికి 2017లో స్వీడన్‌లోని లిన్నేయస్ విశ్వవిద్యాలయం వాళ్లు కంప్యూటర్ నమూనాతో ఒక జవాబిచ్చారు. పొగ వాసననిచ్చే గ్వాయకాల్ 45 శాతం దాకా ద్రవం పైపొరలో చేరుతుంది, 59 దాటితే ఆల్కహాల్ చుట్టుముట్టి లోపలికి లాగుతుంది. ఒక్క అణువు మీది లెక్క ఇది, విస్కీ అంతటికీ పరచడం సబబు కాదు. అయినా మా కాగితాల్లో 66.5 దగ్గర ఎవరూ రాయని పొగ 50 దగ్గర రెండుచోట్ల కనిపించింది.

ఒక సీసా మసకబారింది. సి923 మిగులును 40 శాతానికి దించి ఫ్రిజ్‌లో పెడితే పొద్దున్నకి పాలనీళ్లలా ఉంది. చెడిపోలేదు. చల్లార్చి వడగట్టని విస్కీలో కొవ్వు ఆమ్లాల ఎస్టర్లు దాదాపు 46 శాతం కింద, చల్లదనంలో కరిగి ఉండలేవు. గది వేడికి తెస్తే చాలావరకు తేటపడింది. ఐసు వేస్తే జరిగేదీ ఇదే.

ఆరో వారం: మూడు గ్లాసుల పరీక్ష

రేర్ బ్రీడ్‌ను 50.5కి దించితే 101 అయిపోతుందా? ఒకే డిస్టిలరీ, ఒకే ధాన్యం పాళ్లు: 75 మొక్కజొన్న, 13 రై, 12 బార్లీ. పీపాలు కాల్చేదీ ఒకే మోతాదు, నాలుగో నంబరు, దాదాపు 55 సెకన్లు. 30 మి.లీ.కి 4.9 మి.లీ. నీళ్లు.

మూడు గ్లాసుల్లో రెండు ఒకటే, ఒకటి వేరు. వేరైనది చూపించాలి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకటి సరిపోతుంది కాబట్టి 12 ప్రయత్నాల్లో కనీసం 8 సరైతేనే తేడా తెలిసినట్టు. నలుగురికి మూడేసి సాయంత్రాలు, సాయంత్రానికి ఒక్క ప్రయత్నం, గ్లాసుకు 7 మి.లీ. గ్లాసుల అమరికలు ఆరు రకాలు, ఒక్కోటి రెండేసి సార్లు. ఒకే అమరిక మళ్లీ మళ్లీ పెడితే మధ్య గ్లాసును ఎంచుకునే అలవాటు మార్కులుగా మారిపోతుంది.

12లో 9 సరయ్యాయి. దించిన రేర్ బ్రీడ్‌లో తాటిబెల్లం, చివర పొడవు. అందులో 6, 8, 12 ఏళ్ల విస్కీలు కలుపుతారు, ఆ పాత భాగాన్ని నీళ్లు చెరపలేదు. అంటే ఖరీదైనది కొని నీళ్లు కలపడం, చవకది కొనడం ఒకటి కాదు. ధర తేడాకు తగినంత వేరా అన్నది ఈ పరీక్ష చెప్పదు.

ఆరో వారం, ఆదివారం

మిగిలిన 60 మి.లీ. సీసాల్లో రెండు హైదరాబాద్ పంపాలన్న ఆలోచన మానుకున్నాం. విమానంలో చెక్ ఇన్ సామానులో 24 నుంచి 70 శాతం మద్యం మనిషికి 5 లీటర్ల దాకా అనుమతిస్తారు, కానీ షాపులో అమ్మిన సీలు విప్పని సీసాలే అయి ఉండాలి. మన చేత్తో నింపినవి కుదరవు. ఇండియాలో సుంకం లేకుండా 2 లీటర్లే. 70 శాతం దాటినది ఏ పెట్టెలోనూ ఎక్కదు. జాక్ డేనియల్స్ 2021 కోయ్ హిల్ పీపాల్లో కొన్ని 148.3 ప్రూఫ్ దాకా ఉన్నాయి, అంటే 74 శాతం పైన. అలాంటివి ఇక్కడే తాగాలి. 2025 ఫిబ్రవరిలో ఇండియా బర్బన్ మీద కస్టమ్స్ సుంకాన్ని 150 నుంచి 100 శాతానికి దించింది కాబట్టి సీలుతో ఉన్న సీసా అక్కడే కొని, ఈ నీళ్ల పట్టిక మాత్రం పంపితే సరిపోతుంది.

తర్వాతి విడత: సి923 బదులు అదే వరసలోని ఎ124, 119 ప్రూఫ్, 10 ఏళ్ల 9 నెలలు. వగరు వయసుది అయితే అందులో తగ్గాలి. సీసా తెరిచాం, మొదటి 60 మి.లీ. పక్కన పెట్టి మూత బిగించాం, కోడు 417.